మూడు సిలిండర్ల మీద

“ఆగొద్దే తల్లీ, ఇంకొంచెం దూరం,” అని బండిని బతిమాలుతూ దేవరాజ్ యాక్సిలరేటర్ మీద కాలు బిగించాడు. పాత పికప్ ఒళ్ళంతా దడదడలాడి, నల్లటి పొగ వదిలి, మిట్ట సగంలోనే చతికిలబడింది. పక్క సీట్లో ప్రమోద పళ్ళు బిగబట్టి మూలిగింది. నిండు నెలలు. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే చింతామణి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని బట్లహళ్ళిలో నర్సమ్మ చెప్పింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, అది ఇంకో ఊరికి పోయిందన్నారు.

బండి అతనిది కాదు. నాగరగెరె నుంచి టమాటా కోతకు కూలికి వచ్చి వారం కూడా కాలేదు, ఇక్కడ అతనికి తెలిసిన ముఖమంటూ లేదు. టీ కొట్టు ముందర లోడుతో నిలబడి ఉన్న ఈ పికప్‌కు తాళంచెవి వేలాడుతూ కనబడింది. డ్రైవర్ కోసం గొంతు చించుకుని పిలిచాడు. ఎవరూ పలకలేదు. భార్యను ఎత్తి కూర్చోబెట్టి బండి తోలుకొచ్చేశాడు. ఏ పేరు పెట్టుకున్నా అది దొంగతనమే.

మిట్ట కింద మెకానిక్ షెడ్డు ఒకటి ఉంది. బ్రేకు వదులుతూ, తొక్కుతూ బండిని మెల్లగా అక్కడికి వెనక్కి దొర్లించాడు. కట్టు కట్టిన కుడిచేతిని మెడకు వేలాడేసుకున్న పెద్దాయన ఒకడు అప్పటికే రోడ్డు మీదికొచ్చి నిలబడి ఉన్నాడు. షెడ్డు మీద ఆదినారాయణప్ప అని పేరు రాసి ఉంది.

“నా పెండ్లాం నొప్పులు పడతాండాది, ఎట్లయినా కాపాడప్పా,” అంటూ దేవరాజ్ దిగాడు.

ఆదినారాయణప్ప ప్రమోదను చూశాడు. వెనకున్న టమాటా బాక్సులను చూశాడు. తర్వాత దేవరాజ్ ముఖం చూశాడు.

“బండి ఎవరిది?”

“మా మామది.”

“అట్లనా,” అన్నాడాయన. ఎడమచేత్తో బానెట్ మూలమీద ఒక్క గుద్దు గుద్దితే అది తెరుచుకుంది. “నా చేయి విరిగుండాది. నేను చెప్తా, నువ్వు చేయి. స్టార్ట్ చేసి ఈడికి రా.”

ఇంజన్ కుంటుకుంటూ తిరగసాగింది. దేవరాజ్ చేతికి ఆయన స్పానర్ ఇచ్చాడు.

“నాలుగు పైపులు కనబడతాండాయా? మొదటిదాని నట్టు కొంచెం వదులు చెయ్.”

డీజిల్ చిమ్మింది. ఇంజన్ ఇంకా కుంగిపోయింది.

“శబ్దం పడిపోయింది కదా? అంటే అది పని చేస్తాండేదే. బిగించు. ఇప్పుడు రెండోది.”

రెండోదానికీ కుంగింది. మూడో నట్టు వదులు చేస్తే మాత్రం శబ్దంలో ఏ తేడా లేదు.

“ఇదే. డీజిల్ చిమ్మే మూడో నాజిల్ పోయుండాది. మూడు సిలిండర్ల మీద లాగతాండాది పాపం.”

“మార్చప్పా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“విప్పి మార్చేదానికి గంట పడతాది. ఆయమ్మకు అంత టైము లేదు.”

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. పక్కకు తిరిగి మాట్లాడాడు. “ఆఁ, ఈడే ఉండాది. నేను చూసుకుంటా. ఎవరికీ చెప్పొద్దు, నేరుగా షెడ్డు కాడికి రా.”

దేవరాజ్ స్పానర్ కింద పెట్టి రోడ్డు వైపు చూశాడు. దొరికిపోయాడు. పారిపోదామంటే ప్రమోదను వదిలి యాడికని పోతాడు? లోపల ఆమె గట్టిగా అరిచింది.

“బాక్సులు దించు,” అన్నాడు ఆదినారాయణప్ప. “బండి ఖాళీ అయితే మూడింటి మీదే మిట్ట ఎక్కతాది.”

దేవరాజ్ కదల్లేదు. ఇక దాచలేకపోయాడు. “అవి దించకూడదప్పా. బండి మా మామది కాదు. టీ కొట్టు కాడ ఎత్తుకొచ్చినా. ఈ పొద్దు మార్కెట్టుకు పోకుంటే అన్నీ చెడిపోతాయి. ఏ రైతు కష్టమో ఏమో.”

“దించమంటే దించు,” అంటూ ఆయనే ఎడమచేత్తో ఒక బాక్సు లాగి రోడ్డు పక్కన పడేశాడు. పండిన టమాటాలు చితికి మట్టిలో కలిశాయి. ఊరివాళ్ళ సొత్తంటే ఈయనకు లెక్కే లేదే అనుకున్నాడు దేవరాజ్. అయినా ఏడుస్తూనే మిగిలినవన్నీ దించాడు.

“ఆమెను చేర్పించి నేనే వచ్చి లొంగిపోతా. అంతవరకు పోలీసోళ్ళను ఆపప్పా,” అన్నాడు.

“ముందు పో. సెకండ్ గేరు కొంచెం పైకెత్తి వెయ్, లేకుంటే పడదు.”

ఖాళీ బండి దగ్గుతూ, ఊగుతూ మిట్ట ఎక్కింది.

ఆపరేషన్ అయింది. ఆడబిడ్డ. ఇంకొంచెం ఆలస్యమయ్యుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కారని డాక్టరమ్మ చెప్పింది. ఊరి నుంచి అత్త వచ్చాక ప్రమోదను ఆమెకు అప్పజెప్పి, పొద్దు వాలే వేళకు దేవరాజ్ పికప్‌ను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. వాసన కొడుతున్న టమాటాల పక్కన ఒక కొత్త మనిషి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆదినారాయణప్ప అతనికి టీ ఇస్తున్నాడు. సొత్తు పోగొట్టుకున్నవాడు ఇతనే అని దేవరాజ్‌కు అర్థమైంది. గబగబా పోయి అతని కాళ్ళ మీద పడ్డాడు.

“తప్పయిపోయింది సామీ. జైలుకు పంపినా పోతా. నీ తోటలోనే కూలి చేసి నష్టం తీరుస్తా. ఈ పెద్దాయప్పను మాత్రం ఏమీ అనొద్దు, నాకోసమే నీ టమాటాలు పారబోసినాడు.”

అతను కంగారుగా కాళ్ళు వెనక్కి తీసుకుని, ఆదినారాయణప్ప వైపు చూశాడు.

“నేను ఉత్త డ్రైవర్ని, బండీ తోటా ఆయప్పవే.”