ఎముక ఎక్కడిది?

కోళ్ల దొడ్డికి గవరయ్య అనే కుర్రకుక్క కొత్తగా కాపలాకు వచ్చింది. మొదటి సాయంత్రమే నక్క వచ్చి, దాని ముందు ఒక ఎముక పెట్టి దండం పెట్టింది.

"మామూలే, దొరా!"

"తీసుకో అబ్బీ. తీసుకుని అటు తిరిగి పడుకో. రోజుకో కోడి పోతే దొడ్డేం ఖాళీ అయిపోదు," అంది ముసలికుక్క రంగప్ప, తన వాటా నములుతూ. "పదేళ్లుగా ఇదే పద్ధతి."

"ఎవరేం పెట్టినా, అది ఎక్కడిదో అడిగి తినమంది మా అమ్మ. నక్క మామా, ఈ ఎముక ఎక్కడిది?"

నక్క ఒక అడుగు వెనక్కి వేసింది. పదేళ్లలో దాన్ని ఎవరూ ఆ మాట అడగలేదు.

గూట్లోంచి ఒక పెట్ట మెడ చాచి చూసింది. "ఆ వంకరకాలు నాకు తెలీదా? నిన్న కనపడకుండా పోయిన మా అక్కది!"

గవరయ్య ఒక్క దూకు దూకింది. నక్క కంచె దాటింది గానీ, తోకలో సగం గవరయ్య నోట్లోనే ఉండిపోయింది.

రంగప్ప తన ఎముకను మెల్లగా కింద పెట్టింది. "మీ అమ్మ ఇంకేమైనా చెప్పిందా, అబ్బీ?"

"చెప్పింది బాబాయ్. కాపలా కాసేవాడు పడుకోకూడదంది."

పదేళ్లలో మొదటిసారి రంగప్ప కాపలాకు లేచి నిలబడింది. మెల్లగా కంచె వైపు నడిచింది.