నోట్ల పూలగుత్తి

"హరామ్ సొమ్ము తినేవాళ్లకి నా ఇంట్లో చోటు లేదు!"

తమ్ముడు పోయాక తన పంచన ఉంటున్న మరదలు కొత్త నోట్లు మడిచి కట్టిన పూలగుత్తిని, బావగారు చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి, ఆమెను వెంటబెట్టుకుని, మసీదులో ధర్మసందేహాలు తీర్చే ముఫ్తీగారి గదికి వెళ్లాడు.

"ఇందులో ఉన్నది వెయ్యి. ఈవిడ పద్నాలుగు వందలకి అమ్ముతోంది. సిగ్గుందా అని అడగండి!"

ముఫ్తీగారు గుత్తిని తిప్పి చూశారు. "డబ్బిచ్చి అంతకంటే ఎక్కువ డబ్బు తీసుకుంటే అది వడ్డీయేనమ్మా. ఎవరి నోట్లు వాళ్లనే తెచ్చుకోమను. గుత్తి కట్టినందుకు నీ మజూరీ నువ్వు తీసుకో. అది హలాల్."

"విన్నావా? వడ్డీ! వంశంలో ఎవరైనా ఇంత నీచానికి దిగారా?" అన్నాడు బావగారు, వరండాలో కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా.

ఆమె తల వంచుకునే అంది. "ఇకనించి అలాగే చేస్తానండీ. మరి నాకీ కొత్త నోట్లు అమ్మేవాళ్ల సంగతో? వంద ఇచ్చి నూటపది తీసుకుంటారు."

"అదీ వడ్డీయే. ఎవరమ్మా వాళ్లు?"

"మా బావగారేనండీ."

బావగారు ఉన్నట్టుండి నమాజు గుర్తొచ్చి లేచాడు.

"ఇంకా వేళ కాలేదు. కూర్చో," అన్నారు ముఫ్తీగారు.