దేవుడి కుండ

"మూడు రోజుల్నుంచి పొయ్యి వెలిగించలేదా?" ఉపదేశి యోసేపుగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"గోదారి వరద తీసేదాకా కూలి ఎక్కడుంటుందండి అయ్యగారూ," అంది పేరమ్మ. వెనక చాప మీద కూతురు ముడుచుకుని పడుకుంది.

ధైర్యం చెప్పడానికి వచ్చిన యోసేపుగారు ఆకాశపక్షులను దేవుడే పోషిస్తాడన్న బైబిలు వాక్యం ఎత్తుకోబోయి, మూలనున్న కుండను చూసి ఆగిపోయారు. నిండా బియ్యం!

"అవేంటమ్మా?"

"దేవుడి బియ్యమండి. వండినప్పుడల్లా మందిరానికి గుప్పెడు తీసి ఉంచమన్నారు కదండి. ఆదివారం తెద్దామంటే దారంతా నీళ్లేనండి."

"పిల్లని పస్తు పడుకోబెట్టావా? ఇవి వండుకోకపోయావా?"

"అవి ముట్టుకుంటే దేవుణ్ణి దోచుకున్నట్టేనని మీరే ప్రసంగంలో చెప్పారు కదండి. ఆ కుండని చూసుకునే ధైర్యంగా ఉన్నామండి. దేవుడు మా ఇంట్లోనే ఉన్నట్టుందండి."

ఆ ప్రసంగం విని మిషను దొరగారు భుజం తట్టి మెచ్చుకోవడం యోసేపుగారికి గుర్తొచ్చింది. తల దించుకున్నారు.

"దేవుడు పంపితేనే వచ్చాను పేరమ్మా. ఈ బియ్యం నీకిచ్చెయ్యమన్నాడు."

"నాకాండి?" పేరమ్మ కళ్లొత్తుకుంది. గబగబా పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. కుండలో బియ్యమంతా చేటలోకి వంచింది. కడగబోతూ ఆగి, అందులోంచి గుప్పెడు తీసి ఖాళీ కుండలో వేసింది.

"మళ్లీ అదేంటమ్మా?" అన్నారు యోసేపుగారు.

"ఇవాళ వండుతున్నాను కదండి," అంది పేరమ్మ.