జనం వెతికే మాట

"'శ్రవణ సహాయక యంత్రం' అని నెట్‌లో ఎవడు కొడతాడమ్మా? జనం నోట్లో ఆడే మాట కావాలి."

చెవి మిషన్ల షాపు ఓనరు, ఆమె రాసిచ్చిన వెబ్‌సైట్ మేటర్ని మూడోసారి తిప్పి పంపాడు.

ఆమె ఫోన్ విసిరేసింది. "ఈయనతో నా ప్రాణం విసిగిపోతోంది. చెవుడొచ్చినవాళ్లు ఏమని వెతుకుతారండీ?"

భర్త అటు తిరిగి చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు.

"మిమ్మల్నే," అంది గొంతు పెంచి.

"ఏంటా గొణుగుడు? నోరు తెరిచి మాట్లాడొచ్చుగా. ఈమధ్య ఇంట్లో అందరూ గొణిగేవాళ్లే."

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. అదే మాటని ల్యాప్‌టాప్‌లో కసిగా టైపు చేసింది: 'ఇంట్లో అందరూ ఎందుకు గొణుగుతున్నారు?'

వేళ్లు ఆగిపోయాయి. ఓనరు అడిగిన మాట దొరికింది.

ఆయన వీపు వంక చూస్తూ, మామూలు గొంతుతో "ఏవండీ" అని పిలిచింది.

ఇస్త్రీ పెట్టె ఆగలేదు.