అక్షరాలా సున్నా

“ఫాంటు లేదు!” అని లోపలి గదిలోంచి అరిచాడు కంపోజరు.

“ప్యాంటు లేదా!” అని బయట అత్తయ్య కెవ్వుమంది.

ముందుగదిలో రసీదు పుస్తకాల కోసం వచ్చిన టీచరమ్మలిద్దరు కూర్చుని ఉన్నారు. ప్రెస్సు పరువంతా తన చేతుల్లోనే ఉందనిపించింది అత్తయ్యకి. ఒక్క అంగలో వెళ్ళి ఆ ప్లైవుడ్ గదికి బయటినుంచి గడియ పెట్టేసింది.

“అత్తయ్యా, తలుపు తియ్యండి!”

“ముందు ఏదైనా చుట్టుకో నాయనా!”

అచ్చు మిషను చప్పుడులో అతని సంజాయిషీ అచ్చంగా కొట్టుకుపోయింది.

కిటికీ లేని గది. కంప్యూటరు, కుర్చీ, గురక పెట్టే ఫ్యాను. తెరమీద పెళ్ళికార్డు. కార్డు నిండా అక్షరాలకి బదులు ఖాళీ డబ్బాలు. డబ్బాలాంటి గదిలో కూర్చుని డబ్బాలవైపు బిక్కమొహం వేసుకుని చూశాడు.

పెళ్ళి మావయ్య కూతురిది. ప్రెస్సు మావయ్యది. అక్షరాలు తాతయ్యవి. ఆయన తన చేత్తో గీస్తే, కంపోజరు నడుం విరగ్గొట్టుకుని వాటిని ఫాంటుగా మార్చాడు. ఇంట్లో పెళ్ళికార్డంటూ పడితే ఆ అక్షరాల్లోనే పడాలి. వేరే ఫాంటన్న మాట వింటే చాలు, తాతయ్య మంచమెక్కేస్తాడు.

పైగా కార్డు ఇవాళే మిషనెక్కాలి. రేపట్నుంచి మిషను బడి పుస్తకాలకి బుక్కయిపోయింది. ఆ పని తెమిలేసరికి నెలలు పడుతుంది. పోనీ పక్క ప్రెస్సులో వేయిద్దామంటే, “ప్రెస్సు పెట్టుకుని కార్డు పక్కవాడి దగ్గర కొట్టించానంటే తలెత్తుకోగలనా?” అంటాడు మావయ్య. ఇవాళ కార్డు పడకపోతే పెళ్ళి వెనక్కి పడుతుంది.

“అల్లుడూ!” తలుపవతలనుంచి మావయ్య గొంతు. “సాయంత్రం మీ అమ్మ కార్డులకోసం వచ్చేస్తుంది. మా అక్క నోట్లో పడే ఓపిక నాకు లేదు. ఏంటే, వాడికి గడియెందుకు పెట్టావ్? వాడికి లేనిది ఫాంటు!”

“ప్యాంటనేగా నేనూ చెప్తున్నా!” అంది అత్తయ్య.

“సరే, పనయ్యేదాకా అలాగే ఉండనీ. కంప్యూటరు మెకానిక్కి ఫోన్ చేశా. పావుగంటలో వస్తాడు.”

కంపోజరు వెతకడం మొదలెట్టాడు.

ఫాంటు కోసం కంప్యూటరు వెతికేందుకు ఓ వరస ఉంది. ముందు కార్డున్న ఫోల్డర్లో చూస్తుంది. అక్కడ లేకపోతే ప్రెస్సు ఫాంట్ల ఫోల్డరు. అక్కడా లేకపోతే తన సొంత ఫోల్డరు. అడిగిన పేరు ఎక్కడ కనబడితే అక్కడే చతికిలబడిపోతుంది. లోపల సరుకుందా లేదా అని ఆరా తియ్యదు. సంబంధాలు చూసే పెద్దలకీ దానికీ ఆట్టే తేడా లేదు.

ప్రెస్సు ఫోల్డరు తెరిచాడు. తాతయ్య ఫాంటు నిక్షేపంగా ఉంది.

“ఇక్కడే ఉన్నావుగా! మరి కంప్యూటరు నీదాకా ఎందుకు రాలేదు?”

అనుమానమొచ్చి కార్డున్న ఫోల్డరు తెరిచాడు. ఫాంట్లు అక్కడ ఎవరూ పెట్టరు. కానీ ఉంది. అదే పేరుతో మరో ఫైలు.

సైజు చూశాడు. అక్షరాలా సున్నా. లోపల ఒక్క అక్షరమూ లేదు.

ఎవరో ఖాళీ ఫైలుకి ఫాంటు పేరు తగిలించి మొదటి గుమ్మంలోనే కూర్చోబెట్టారు. కంప్యూటరు దాన్ని చూసి అక్కడే ఆగిపోయింది.

ఈ వరస తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఎందరని! మావయ్యకి మౌసంటే ఎలకే. తాతయ్య దృష్టిలో కంప్యూటరంటే చదువుకున్న టీవీ. తెలిసింది తనకి, తన దగ్గర నేర్చుకున్న మరదలికి, అంటే పెళ్ళికూతురికి. పొద్దున్న ఈ గది తాళం తీసింది ఆ పిల్లే.

కంపోజరు వేళ్ళు ఆగిపోయాయి.

పోయినవారం ఇదే గదిలో, “నాన్నా, వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది. నెలాఖరులోగా చేరాలి” అంది ఆమె. “పెళ్ళయ్యాక నీ మొగుడిష్టం” అన్నాడు మావయ్య. ఆమె తలతిప్పి కంపోజరు వైపు చూసింది. అతను కీబోర్డు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఈ పెళ్ళి నీకిష్టమేనా అని ఆమెని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

ఆ ఖాళీ ఫైలు తీసేస్తే చాలు, కార్డు కళకళలాడుతుంది. మెకానిక్ వచ్చినా చేసేది అదే. ఆ తర్వాత, ఇది పెట్టిందెవరని ఇల్లంతా నిలదీస్తారు.

కంపోజరు ఖాళీ ఫైలు తీసేశాడు. అసలు ఫాంటుని పెన్‌డ్రైవులోకి మార్చి, కంప్యూటర్లో దాని ఆనవాలు లేకుండా చేశాడు. పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు ఫాంటు నిజంగానే ప్యాంటులో ఉంది.

గడియ తీసింది మరదలే. ఆమె వెనక మావయ్య, మెకానిక్. వాళ్ళ వెనక కళ్ళు గట్టిగా మూసుకుని, దుప్పటి చాపి పట్టుకున్న అత్తయ్య.

“కళ్ళు తెరవండి అత్తయ్యా. ప్యాంటు ఒంటిమీదే ఉంది. పోయింది ఫాంటు. తాతయ్యగారి అక్షరాలు!”

టీచరమ్మలు పకపకా నవ్వారు. అత్తయ్య నాలిక్కరుచుకుని దుప్పటి తన మొహానికే కప్పుకుంది. మెకానిక్ కూర్చుని ఫోల్డర్లన్నీ గాలించి పెదవి విరిచాడు. “ఎక్కడా లేదండీ.”

“మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి మావయ్యా. చాలా టైము పడుతుంది. ఈలోగా మరదల్ని ఉద్యోగంలో చేరనివ్వండి.”

మావయ్య తల పట్టుకున్నాడు. “మా అక్కకేం చెప్పనురా?”

“అమ్మకి నేను చెప్పుకుంటాను.”

మరదలు అతని మొహంలోకి చూసింది. మొదటిసారి, చూపు తిప్పుకోకుండా చూసింది.

తెరమీది కార్డులో, పెళ్ళికొడుకు పేరుండాల్సిన చోట వరసగా నిలబడ్డ ఆ ఖాళీ డబ్బాలు కంపోజరు పేరే.