ఇవాళే ఆఖరు

“లేవవే! నర్సు చదువులో చేరడానికి ఇవాళే ఆఖరు,” బట్టల ఫ్యాక్టరీలో పక్క మిషన్ మీద చొక్కాలకు గుండీలు కుడుతూ కసిరింది అత్త.

కోడలు కాలరు కుడుతూనే ఉంది. “పనిలోంచి పీకేస్తారు అత్తయ్యా. పిల్లాడు కాస్త పెద్దయ్యాక వచ్చే ఏడు చేరతాలే.”

“నీ మొగుణ్ణి చంకనేసుకుని నేనూ ఆ మాటే అన్నాను. వాడికి బట్టతల వచ్చింది, నేనింకా గుండీలే కుడుతున్నాను. పో! నీ కాలర్లు నేను చూసుకుంటా.”

కోడలు మిషన్ ఆపి లేచింది. చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టింది.

“ఆ మిషన్ ఎందుకాగింది?” వెనక నుంచి సూపర్‌వైజరు కేక వేశాడు.

“దారం తెగింది సార్,” అంటూ కోడలు గభాల్న కూర్చుంది.

దారం తెగలేదు. అత్తకు కనబడుతూనే ఉంది.

“ఎక్కించుకుంటోంది సార్,” అంది అత్త, తలెత్తకుండా.