మనసు మారితే వాపసు

"ఇన్సూరెన్స్ లేకుండా ఓడెక్కడానికి వీల్లేదు," అన్నాడు అతను.

"తొమ్మిది రోజుల షికారుకి ఇన్సూరెన్సా? దండగ," అంది ఆమె, మెడకి కొత్త స్కార్ఫ్ చుట్టుకుని అద్దంలో చూసుకుంటూ.

కస్టమర్లు కళ్లజోళ్లు పెట్టుకుని చూసుకునే అద్దం అది. దాని ముందు ఆమె అంతసేపు నిలబడటం అతనెప్పుడూ చూడలేదు.

కింద కళ్లద్దాల షాపు, పైన ఇల్లు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో వాళ్లిద్దరే. రెండే కంచాలు, రెండే కప్పులు. ఆమె కౌంటర్ చూసుకుంటే అతను వెనక గదిలో లెన్సులు అరగదీసేవాడు. పొద్దున లేస్తే మొదటి మాట ఆమెతో. పడుకునే ముందు చివరి మాట ఆమెతో. ఆ రెంటి మధ్యకి వయొలిన్ మేష్టారు వచ్చిపడ్డాడు.

వచ్చింది దగ్గరి చూపు అద్దాల కోసం. చేసిచ్చింది అతనే. మర్నాడే మేష్టారు మళ్లీ ప్రత్యక్షం. స్క్రూ వదులైందట. వారం తిరక్కుండా ఇంకోసారి. ఆ తర్వాత మరోసారి. ఏ కళ్లజోడు స్క్రూ కూడా దానంతటది అన్నిసార్లు వదులవదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా ప్రతిసారీ తనే స్క్రూడ్రైవర్ తీసి బిగించేది. అరనిమిషం పని. అరగంట పట్టేది.

వెనక గదిలో అతను కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. ఆమె ముఖం మేష్టారికి అంత స్పష్టంగా కనబడేలా చేసింది తన చేతులేనని గుర్తొస్తే ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఆమే చెప్పేసింది. "నీకు ఇష్టం లేదంటే ఇక్కడితో ఆపేస్తాను," అంది కూడా. అంటూనే చేతిలోని స్క్రూడ్రైవర్ని డ్రాయరులో పెట్టేసింది. అతను కాదనలేకపోయాడు. పోయిన నెల రిజిస్ట్రార్ ఆఫీసులో వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి.

ఇప్పుడిక ఈ ఓడ.

"ఆయనకి బీపీ ఉంది. నడిసముద్రంలో ఏదైనా అయితే?"

"అవుతుందని నీకు భయమా, ఆశా?" అంది ఆమె నవ్వుతూ.

అతనికి నవ్వు రాలేదు.

మర్నాడు ముగ్గురూ ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లారు. కౌంటర్ దగ్గర అమ్మాయి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"ప్రయాణం ఎవరెవరికండీ?"

"వీళ్లిద్దరికీ," అన్నాడు అతను.

"మరి మీరు?"

"నేను షాపు చూసుకోవాలి."

ఆ అమ్మాయి గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగింది.

"రెండు రకాలున్నాయండీ. మొదటిది మామూలుది. ఓడలో జబ్బు చేస్తే వైద్యం, అవసరమైతే ఒడ్డుకి చేర్చడం, సామాను పోతే పరిహారం. రెండోది ఖరీదెక్కువ. కానీ అందులో, బయల్దేరడానికి రెండు రోజుల ముందు వరకూ ఎందుకు మానుకున్నా డబ్బు చాలావరకు వాపసు."

"ఎందుకు మానుకున్నా అంటే?"

"కారణమే చెప్పక్కర్లేదు. మనసు మారినా సరే."

"అదివ్వండి," అన్నాడు అతను. కార్డు అప్పటికే బయటికి తీశాడు.

మేష్టారు గోడ మీది ఓడ బొమ్మని ఎన్నడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాడు. ఆమె లేచింది.

"ఒకసారి బయటికి రా."

మెట్ల మీద నిలదీసింది. "నా మనసు మారుతుందనా?"

"మారకూడదని రూలేం లేదుగా."

"తొమ్మిది రోజులే కదా. తిరిగొచ్చేస్తాను."

"ఎక్కడికి? ఆయన ఇంటికి."

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది.

"రెండు వీధుల అవతలేగా. పొద్దున్నే వచ్చి షాపు నేనే తెరుస్తాను," అంది. తర్వాత మెల్లగా, "టికెట్లు తీసేటప్పుడు ఆయన నన్నొక మాట అడిగారు. కిటికీ ఉన్న గది కావాలా అని. నీకేం కావాలి అని నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో తెలుసా? నువ్వూ అడగలేదు."

బస్సయినా రైలయినా కిటికీ పక్క సీటు ఎప్పుడూ అతనిదే. అడక్కుండానే ఆమె జరిగి కూర్చునేది. అది ఇవ్వడమని అతనికి ఇన్నాళ్లూ తట్టనే లేదు.

లోపలికెళ్లాడు.

"మొదటిదే ఇవ్వండి. ఒడ్డుకి చేర్చేది."

"మరి మనసు మారితే..."

"మారదట."

డబ్బు మాత్రం అతనే కట్టాడు. మేష్టారు వద్దన్నా వినలేదు.

ఓడ బయల్దేరే రోజు రేవు కిటకిటలాడుతోంది. ఎప్పుడూ తను మోసే ఆమె సంచి ఇప్పుడు మేష్టారి భుజాన ఉంది. ఆమె అతని తల నిమిరి, గబగబా ఓడ మెట్లెక్కేసింది. గాలికి స్కార్ఫ్ ఎగురుతోంది. పెళ్లికి వెళ్తున్న పిల్లలా ఉంది. చూడలేక అతను వెనక్కి తిరిగాడు.

పది అడుగులు వేసి ఆగాడు. జనాన్ని తోసుకుంటూ వెనక్కి పరుగెత్తాడు. మెట్ల మొదట్లో ఉన్న మేష్టారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మా అమ్మకి ఈత రాదండీ, చెయ్యి వదలకండి," అన్నాడు.